ఎర్ర బండికి ఏడున్నర అంగుళాల చక్రాలు

మాదన్నపేట, హైదరాబాద్
6 అక్టోబర్

గణితశాస్త్ర దిగ్గజులు, పాలిటెక్నిక్ మాజీ లెక్చరర్, మా పై వాటాలో పద్నాలుగేళ్లు కిరాయికున్న శ్రీ రాధాకృష్ణమూర్తి సార్ సముఖానికి, కూరగాయల మార్కెట్ వెనక సందులో పదకొండు బర్రెలకు ఏకైక అధిపతి రామ్‌చందర్ నమస్కరించి చేయు ప్రకటన.

ఇందుమూలంగా సమస్త ప్రజలకు, ముఖ్యంగా నా నంబరును తమ ఫోన్‌లో నిషేధించిన పెద్దలకు తెలియజేయడమేమనగా: డాబా మీద మీరు వదిలి వెళ్లిన ప్లాస్టిక్ కుర్చీలో నేటి నుంచి ఎవరూ కూర్చోరాదు. మొన్న మా ఆవిడ రాజమణి కూర్చుంటే కాలు విరిగింది. విరిగింది కుర్చీ కాలు. ఈ ఉత్తర్వు వెంటనే అమల్లోకి వచ్చింది. దీనిపై అప్పీలు లేదు.

ఇక అసలు సంగతి. "పాలిచ్చే బర్రె అమ్మబడును" అని మార్కెట్ గోడల మీద మీ నంబరు వేసి కాగితాలు అంటించింది నేనే. ఒప్పుకుంటున్నాను. వెళ్లేటప్పుడు మీరన్నారు కదా, ఏదైనా చెప్పాలంటే కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపమని. అందుకే ఇది.

మీరు డాబా మీద కూర్చోబెట్టి లెక్కలు చెప్పిన మా అమ్మాయి నందిని ఇప్పుడు కార్ల కంపెనీలో మెకానిక్. డిసెంబర్ 15 దాకా పుణెలో ట్రైనింగ్. తుక్కు దుకాణం నుంచి తెచ్చి, మూడేళ్లు కష్టపడి బతికించిన ఆమె ఎర్ర స్పోర్ట్స్ కారు మన కొట్టంలోనే ఉంది. డిసెంబర్ 21న శంషాబాద్ అవతల ట్రాక్ మీద పోటీ. చెన్నై రేసింగ్ టీం వాళ్లు ఆమెకు ఒకటే చెప్పారు: నీ బండి నువ్వే తెచ్చి, మూడు రౌండ్లూ బండి చెడకుండా పూర్తి చెయ్యి, మెకానిక్‌గా తీసుకుంటాం. వాళ్లకు ఒక్కరే కావాలి. ఈసారి తప్పితే ఆ చోటు ఇంకొకరిది.

ఆ బండిని ముట్టవద్దని నందిని చెప్పింది. నేను ముట్టలేదు. నడిపాను. జల్‌పల్లిలో మా తమ్ముడి కొత్త ప్లాటు దాకా. అక్కడ పైపులైనుకు తవ్విన కాలువ ఉందని మట్టి రోడ్డు నాకు చెప్పలేదు. ఎడమ పక్క చక్రాలు రెండూ పగిలాయి. ఆ మోడల్ చక్రాలు కంపెనీలో ఎప్పుడో ఆగిపోయాయట. బయటివే కొని బిగించాలి.

బోల్టు రంధ్రాలు అయిదు. టైలర్ దగ్గర టేపు తెచ్చి ఒక రంధ్రం నుంచి ఎదుటి రంధ్రానికి కొలిచాను. నూట ఎనిమిది మిల్లీమీటర్లు, ఆపైన కొంచెం. ఆ కొంచెం సంగతి వదిలేసి, యాకుత్‌పురా స్టేషన్ పక్క నిఖిలేష్ దుకాణంలో నూట ఎనిమిదివి తెప్పించాను. చక్రం బోల్టుల దాకా వెళ్లి, గడపలో అలిగిన అల్లుడిలా నిలబడిపోయింది.

మా పాలేరు అంజన్న, "సుత్తె తేవాల్నా పటేలా?" అన్నాడు.

"సుత్తెతోని లెక్క సాఫైతదా అంజన్నా?"

"మరి సారును అడుగురాదు?"

నిఖిలేష్ అయితే చేతులు జోడించాడు. "కాకా, ఒక్కసారి మారుస్తా. ఈసారి కొలతలన్నీ కాగితం మీద రాస్కొని రా. మళ్ల తప్పయితే నేను మాత్రం వాపస్ తీసుకోను."

ఆర్డరిస్తే రావడానికి మూడు వారాలు. పగలగొట్టింది నేను. నందిని వచ్చేసరికి సరిచేసేదీ నేనే. దారి చెప్పండి.

మీ రామ్‌చందర్ (సంతకం పెట్టాను, చూసుకోండి)


తణుకు
13 అక్టోబర్

శ్రీ రామ్‌చందర్ గారికి,

మీ ప్రకటన అందింది. బర్రె కోసం నాకు వచ్చిన ఫోన్లు అరవై మూడు. అందులో ఒకటి మా వియ్యంకుడిది. వంకాయల కోసం మీ మార్కెట్‌కు వచ్చి కాగితం చూశారట. నేను రిటైరయ్యాక పాడి పెట్టుకున్నానని ఆయన ఇప్పటికీ నమ్ముతున్నారు.

అయిదు రంధ్రాల చక్రంలో ఏ రంధ్రానికీ ఎదురుగా ఇంకో రంధ్రం ఉండదు. మీరు కొలిచింది ఒక రంధ్రాన్ని వదిలి ఆ తర్వాతి దానికి ఉన్న దూరం. అది బోల్టుల వలయం వ్యాసం కాదు, అంతకంటే తక్కువ. పక్కపక్కనే ఉన్న రెండు బోల్టుల మధ్య దూరాన్ని, నడిమి నుంచి నడిమికి, వెర్నియర్‌తో కొలవండి. దాన్ని 1.7013తో గుణించండి. చక్రాన్ని బిగించే హబ్ నడుమ పైకి వచ్చిన గుండ్రటి భాగం వ్యాసం కూడా విడిగా కొలవండి. టైలర్ టేపు టైలర్‌కు ఇచ్చేయండి.

ఇది నందిని కోసం చెప్పాను. దీనితో మన ఉత్తరాలు ముగిశాయి. ఇక రాయవద్దు.

రాధాకృష్ణమూర్తి

తా.క. ఆ కుర్చీ నాది కాదు. మీదే.


మాదన్నపేట
20 అక్టోబర్

మూర్తి సారూ,

రాయవద్దన్నారు. రాయకూడదనే అనుకున్నాను. వెర్నియర్ తెచ్చి కొలిచాను: 67.2. మీ అంకెతో గుణిస్తే నూట పద్నాలుగు పాయింట్ మూడు. నిఖిలేష్ క్యాలిక్యులేటర్ చూసి, "గిది ముందే జెప్తే అయిపోవు గద కాకా" అని నెత్తి కొట్టుకున్నాడు. హబ్ 64.1. అంతటితో మిమ్మల్ని వదిలేద్దామనుకున్నాను. కానీ పోటీ పెట్టేవాళ్ల నిబంధనల పుస్తకం వచ్చింది. పదిహేడో నిబంధన, మూడో ఉపనిబంధన, తెలుగు చేయించి రాస్తున్నాను:

"కంపెనీవి కాని చక్రాలు బిగించిన వాహనమునకు, ఆ చక్రములు సరిపోవునని నిరూపించు లెక్కల పత్రమును, గణితమున పట్టా పొందిన వ్యక్తి స్వహస్తముతో వ్రాసి, సంతకము చేసి సమర్పించవలెను. టైపు చేసినది చెల్లదు. పత్రము లేని వాహనము ట్రాక్ మీదికి అనుమతించబడదు."

మాదన్నపేటలో గణితం పట్టా ఉన్నవాళ్లు ఇద్దరు. ఒకాయన దుబాయ్‌లో ఉన్నాడు. రెండో ఆయన ఇన్సూరెన్స్ అమ్ముతాడు. ఇంట్లో అడుగుపెడితే పాలసీ చేయించకుండా లేవడు. నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ మాస్టారు మంచితనం వల్ల. ఇప్పుడు మీరే చెప్పండి, ఆ పిల్ల రౌండ్లు తిరగాలంటే ఎవరి గుమ్మం తొక్కాలి?

ఇంకొకటి. నిఖిలేష్ దగ్గర తొమ్మిది అంగుళాల వెడల్పువి ఉన్నాయి. బంగారు రంగు. బండి లోంచి రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తాయి. చూస్తే కళ్లు పోతాయి. అవి తెప్పించనా?

రామ్‌చందర్


తణుకు
26 అక్టోబర్

రామ్‌చందర్ గారూ,

నిబంధన రెండుసార్లు చదివాను. "టైపు చేసినది చెల్లదు" అన్న వాక్యం రాసినవాడు అనుభవజ్ఞుడు. టైపు చేస్తే ఎవరి లెక్కనైనా ఎవరైనా అతికిస్తారు. పత్రం నేను రాస్తాను. అయితే నా సంతకం పెట్టే కాగితం మీద ఉజ్జాయింపు అంకె ఒక్కటి కూడా ఉండదు. ఇది ముందే చెబుతున్నాను.

చక్రం వెడల్పుకు సరిగ్గా నడుమ ఒక గీత ఊహించుకోండి. హబ్‌కు ఆనే ముఖం ఆ గీత నుంచి బయటి వైపుకు ఎన్ని మిల్లీమీటర్లు జరిగి ఉందో అది ఆఫ్‌సెట్. ఈ అంకె పెరిగితే చక్రం బండి లోపలికి పోతుంది, తగ్గితే బయటికి వస్తుంది. లోపలికి ఎక్కువ పోతే షాక్ అబ్జార్బర్‌కు రాసుకుంటుంది. బయటికి ఎక్కువ వస్తే పైనున్న రేకు అంచు టైరును కోస్తుంది. బోల్టులు సరిపోయినంత మాత్రాన చక్రం సరిపోయినట్టు కాదు.

కుడి పక్కన మీ చేతిలో పడకుండా మిగిలిన చక్రాలు ఉన్నాయి కదా. వాటిలో ఒకదాని వెనక అచ్చుపోసిన వెడల్పు, ఆఫ్‌సెట్ రాసి పంపండి. ఆ చక్రం బిగించి ఉండగా లోపల షాక్ అబ్జార్బర్‌కు ఎంత ఖాళీ, బయట రేకు అంచుకు ఎంత ఖాళీ కొలవండి. బండి ఖాళీగా ఉన్నప్పటి కొలత నాకు అక్కర్లేదు. మలుపులో బరువంతా ఒక పక్కకు ఒరుగుతుంది, బండి దిగిపోతుంది. నూట అరవై, నూట డెబ్బై కిలోలు ఎక్కించి, స్టీరింగు పూర్తిగా తిప్పి కొలవండి. మూడుసార్లు. మూడూ ఒకేలా రావాలి.

బంగారు రంగు అన్న మాట మళ్లీ రాస్తే సంతకం ఉండదు.

రాధాకృష్ణమూర్తి


మాదన్నపేట
3 నవంబర్

మూర్తి సారూ,

నూట అరవై కిలోలు అన్నారు. మా ఇంట్లో ఒక్క చోట కదలకుండా కూర్చునే బరువు పాల క్యాన్లే. నలభై లీటర్లవి నాలుగు, రెండింట్లో తెల్లవారి పితికిన పాలు, రెండింట్లో నీళ్లు నింపి, రెండు సీట్ల మీద రెండు, డిక్కీలో రెండు పెట్టించాను. సీటు బెల్టులు కూడా పెట్టాను. నేను, అంజన్న బండి కింద పడుకున్నాం.

రాజమణి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఏందయ్యా, పాలు కారెక్కినయా? రేపటి సంది బర్రెలను గూడ ఎక్కియ్యి, ఊరు జూస్తయ్!"

ఈలోగా బాలమ్మ గిన్నె పట్టుకొని వచ్చింది. "నా చాయ్ పాలేవి?"

"పరీక్షల ఉన్నయ్ బాలమ్మా. జర ఆగు."

"పాలకేం పరీక్ష? నీళ్లు గలిపినవా ఏంది?"

ఆమె గొంతు విని సందంతా గిన్నెలతో వచ్చింది. లొల్లి లొల్లి. అంజన్న బండి కింద నుంచే, "పటేలా, జనం తంతరే" అన్నాడు. నేను లేవలేదు. మూడుసార్లు అన్నారు కదా. మూడోసారి కొలిచేసరికి ఎనిమిదిన్నర అయింది. ఇద్దరు ఖాతాదారులు ప్యాకెట్ పాలకు వెళ్లిపోయారు. పోనీయండి. వాళ్లు రేపు వస్తారు, ఆ టీం వాళ్లు మళ్లీ రారు.

మూడుసార్లూ ఒకటే వచ్చింది: లోపల 18 మిల్లీమీటర్లు, బయట 15. పాత చక్రం వెనక ఏడు అంగుళాలు, ఆఫ్‌సెట్ 45 అని ఉంది. తొమ్మిది అంగుళాల గురించి ఏమీ అడగడం లేదు. కనీసం ఎనిమిది? నిఖిలేష్ దగ్గర ఎనిమిదిలో 35, 45 ఉన్నాయి. ఏడున్నరలో 45 రకం మాత్రమే ఉంది, నలుపు.

రామ్‌చందర్


తణుకు
9 నవంబర్

రామ్‌చందర్‌కు,

ఎనిమిది అంగుళాలంటే పాతదానికంటే 25.4 మిల్లీమీటర్లు వెడల్పు. సగం లోపలికి, సగం బయటికి, అంటే 12.7. ఆఫ్‌సెట్ 45 అయితే బయట నీకు మిగిలేది 2.3. ఒక్క గుంతతో అది పోతుంది. 35 అయితే ఇంకో పది బయటికి వస్తుంది, అంటే టైరు రేకులోకి 7.7 దూరిపోవాలి. ఏడున్నర, 45 అయితే ఒక్కో పక్క 6.35 మాత్రమే పెరుగుతుంది. లోపల 11.65, బయట 8.65 మిగులుతాయి. అవే నాలుగు తెప్పించు, రెండు పక్కలా ఒకేలా ఉండాలి. నలుగురికీ కనబడే చక్రం వేరు, మూడు రౌండ్లు తిరిగే చక్రం వేరు.

ఆ చక్రం నడిమి రంధ్రం ఎంతో కూడా అడుగు. హబ్ 64.1 కంటే పెద్దదైతే మధ్యలో సరిపడే రింగు వేయాలి. లేకపోతే వేగంలో బండి వణుకుతుంది.

చక్రం వచ్చాక చివరి పరీక్ష ఒకటి ఉంది. బ్రేకు డిస్కును నొక్కే క్యాలిపర్‌కు, చక్రం పుల్లలకు మధ్య సందు ఎంతో కంటికి కనబడదు. రాజమణి గారిని చపాతీ పిండి గట్టిగా కలపమను. క్యాలిపర్ మీద ముద్ద అంటించి, చక్రం బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి, విప్పు. ముద్ద ఎంత మందం మిగిలితే అంత సందు. మూడు మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

నువ్వు అని రాస్తున్నానని ఇప్పుడే గమనించాను. కొట్టివేయడం లేదు.

ఒక మాట చెప్పాలి. రిటైరై నాలుగేళ్లు. ఏటా నవంబరులో, నేను ఇంకా బతికే ఉన్నానని పెన్షన్ ఆఫీసుకు ఒక సంతకం పెడతాను. మిగతా ఏడాదంతా నా సంతకంతో ఎవరికీ పని లేదు. మైథిలి కూడా, "నాన్నా, మీరు కూర్చోండి, ఆన్‌లైన్లో చేసేస్తాను" అంటుంది. ఈ నవంబరులో నా సంతకానికి రెండు పనులు పడ్డాయి. ఆ నిబంధన పెట్టినవాళ్లు ఎవరోగానీ మనిషి విలువ తెలిసినవాళ్లు.

రాధాకృష్ణమూర్తి


మాదన్నపేట
1 డిసెంబర్

మూర్తి సారూ,

కొంప మునిగింది. చక్రాలు నిన్న వచ్చాయి. బోల్టులకు వెన్నలా కూర్చున్నాయి. నడిమి రంధ్రం 73.1, రింగులు వేశాం. మీరు చెప్పినట్టే క్యాలిపర్ మీద పిండి ముద్ద పెట్టి, బిగించి, తిప్పి, విప్పాను. లోపలికి వెళ్లి స్కేలు తెచ్చి చూస్తే పిండి జాడే లేదు. సందు సున్నా.

నిఖిలేష్ వెనక్కి తీసుకోడు. తీసుకున్నా ఇంకో మూడు వారాలు లేవు. ఉన్నవి ఇరవై రోజులు. రాజమణి, "పిల్లకేం జెప్తవ్?" అని ఒక్క మాట అని ఊరుకుంది. తిడితే నయంగా ఉండేది.

క్యాలిపర్‌ను కొంచెం అరగదీయనా? అంజన్న ఆకురాయి పట్టుకొని నిలబడ్డాడు.

రామ్‌చందర్


తణుకు
4 డిసెంబర్
స్పీడ్ పోస్టు

రామ్‌చందర్‌కు,

ఆకురాయి అంజన్న దగ్గర లాక్కో. బ్రేకును అరగదీసిన బండికి నేను సంతకం పెట్టను, నువ్వు ఆ పిల్లను ఎక్కించవు.

రాసుకుంటే చక్రం చేత్తో తిరిగేదా? పట్టేసేది. నువ్వు తిప్పానని రాశావు. పిండి చెరిగిపోతే చక్రం లోపలి వైపు అంటుకొని ఉండాలి. ఉందా? స్కేలు కోసం వెళ్లి ఎంతసేపటికి వచ్చావు? అప్పుడు కొట్టంలో ఎవరున్నారు? వెంటనే రాయి.

రా.కృ.మూ.


మాదన్నపేట
7 డిసెంబర్

సారూ,

చక్రం లోపల పిండి నలుసు కూడా లేదు. చింటూ మూతి మాత్రం ఆ రోజు తెల్లగా ఉండింది. చింటూ అంటే మా దూడ. మీ ఉత్తరం చదివాకే ఆ మూతి గుర్తొచ్చింది.

దాన్ని సందు చివర కట్టేసి మళ్లీ పరీక్ష చేశాను. నాలుగు చక్రాలకూ. కాపలాకు రాజమణి కర్ర పట్టుకొని నిలబడింది, దూడ కోసమో నా కోసమో తెలియదు. ముందు రెండింటికీ అయిదు మిల్లీమీటర్లు, వెనక ఏడు. తర్వాత పాల క్యాన్లు ఎక్కించి బయటి సందు కొలిచాం. ఎనిమిదిన్నర, ఆపైన కొంచెం. మీరు కాగితం మీద రాసిందే రేకు కింద ఉంది, సారూ. అంజన్న బండికి దండం పెట్టాడు. నేను మీకు పెట్టాను, కనబడి ఉండదు.

పత్రం పంపండి.

రామ్‌చందర్


తణుకు
11 డిసెంబర్

ప్రియమైన రామ్‌చందర్‌కు,

పత్రం జతచేశాను. నాలుగు పేజీలు. రెండో పేజీలో బొమ్మ వంకర పోతే మళ్లీ గీశాను. ప్రతి పేజీ కింద సంతకం ఉంది. మడత పెట్టవద్దు. మా ఆవిడ వెంకటలక్ష్మి అట్ట ముక్క పెట్టి కుట్టింది.

నందినికి చెప్పు, మొదటి రౌండ్ తర్వాత నట్లు మళ్లీ బిగించి చూసుకోమని. కొత్త చక్రాలు ఒకసారి సర్దుకుంటాయి.

ఆ నిర్వాహకులకు ఒక అభినందన లేఖ రాసి పెట్టుకున్నాను. లెక్కను చేత్తో రాయమని, రాసినవాడు సంతకం పెట్టి నిలబడమని అడిగే సంస్థ ఈ రోజుల్లో ఉందంటే అది నలుగురికీ తెలియాలి. వాళ్ల చిరునామా నీ దగ్గర ఉంటుంది కదా, పంపు.

నీ నంబరు మీద నిషేధం తీసేశాను. కానీ ఉత్తరమే రాయి.

నీ
రాధాకృష్ణమూర్తి


మాదన్నపేట
23 డిసెంబర్

మూర్తి సారూ,

నందిని పదిహేనున వచ్చింది. సంచి కూడా దించకుండా బండి పక్కన గొంతుక్కూర్చుంది. వేలు పెట్టి రేకు అంచు కింద తడిమింది.

"పాతయి యాడున్నయ్ బాపూ?"

చెప్పాను. కాలువ, జల్‌పల్లి, అంతా.

"నీకు పదకొండు బర్రెలున్నయ్ గద. దేని మీదనన్న ఎక్కి పోరాదు ప్లాటు సూడ?"

తల వంచుకున్నాను. తర్వాత ఆమె గొంతు తగ్గింది. "మరి గివి ఎవలు జెప్పిండ్రు? నేనొస్తే గూడ గివే తెస్తుంటి."

"మూర్తి సారు."

"సారా? నీతోని మాట్లాడుతుండా?"

"రాస్తుండు."

పత్రం తీసుకొని పాల క్యాన్ మీద కూర్చుని నాలుగు పేజీలూ చదివింది. రెండో పేజీ దగ్గర ఆగి, బొమ్మ మీద వేలు పెట్టి, మీరు డాబా మీద నేర్పినప్పటిలా పెదవులు కదుపుతూ లెక్క సరిచూసుకుంది.

ఇరవై ఒకటిన ట్రాక్ దగ్గర తనిఖీ చేసే ఆయన చక్రాలు తట్టి, "బయటివా?" అన్నాడు. నందిని పత్రం చేతిలో పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. జేబులోంచి స్కేలు తీసి ముందు చక్రం మీద ఒక్క చోట కొలిచాడు. పత్రం చూశాడు. ఇంకో చోట కొలిచాడు. "ఎవరు చేశారు?" అంటే, "మా సార్" అంది నందిని. బండి మీద ముద్ర వేశాడు. పత్రాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు.

మొదటి రౌండ్ అయ్యాక మీరు చెప్పినట్టే నట్లు బిగించింది. ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. రెండో రౌండ్‌లో మలుపు దగ్గర బండి మొత్తం ఒక పక్కకు ఒరిగినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. చెవులు తెరిచే ఉన్నాయి. టైరు రేకుకు రాసుకున్న చప్పుడు రాలేదు. పక్కనే ఒక కుర్రాడి తెల్ల బండికి, మీరు వద్దన్న రంగువి, మీరు వద్దన్న వెడల్పువి ఉన్నాయి. రెండో రౌండ్‌లోనే టైరు చీలి బయటికి వచ్చాడు. నందిని మూడూ పూర్తి చేసింది. జనవరి ఆరున చెన్నైలో చేరమన్నారు. రాజమణి ఏడ్చింది. నేను ఏడ్వలేదు, దుమ్ము.

ఇక చిరునామా. రెండు రోజుల నుంచి పెన్ను పట్టుకొని కూర్చుంటున్నాను. ఇంతకుముందు మీతో చేసిన చిలిపి పనులను నవ్వుతూ ఒప్పుకున్నాను. దీనికి నవ్వు రావడం లేదు.

మీరు "ఇక రాయవద్దు" అన్న ఉత్తరం జేబులో పెట్టుకొని ఆ రోజు యాకుత్‌పురా స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాను. రైలొకటి వచ్చి పోయింది. ఊరికే సాయం అడిగితే మీరు చేయరు, పద్ధతి ప్రకారం అడిగితే కాదనరు, అది పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను. నిబంధనల పుస్తకంలో పదిహేడో నిబంధన పార్కింగ్ గురించి. మూడో ఉపనిబంధన అసలు లేదు. చేత్తో రాసిన పత్రం కావాలని, టైపు చేసినది చెల్లదని, మీ సంతకం లేకపోతే బండి కదలదని ఎవరూ అడగలేదు సారూ. ఆ బెంచీ మీద కూర్చుని నేనే కల్పించాను.

ఆ అభినందన లేఖ నాకే పంపండి. చిరునామా మీకు తెలిసిందే.

మీ
రామ్‌చందర్